డాబా మీద పడవ

నలభై రెండడుగుల పొడవు, ఇరవై మూడు వెడల్పు.
టేపు నేను పట్టుకున్నా, సుద్దముక్క జిలానీ.
గిరింపేటలో నా టార్పాలిన్ గోడౌను డాబా
పడవకు సరిగ్గా చాలింది.
నీళ్ళ ట్యాంకు ఒక్కటే
ముందు కొనకు రెండడుగుల దూరంలో నిలబడింది.
"అది దీవి అనుకోండి" అన్నాడు దేవసహాయం.

దీనికంతా మూలం శకుంతల.
మామిడి గుజ్జు డ్రమ్ముల మీద
నాలుగు సీజన్లు ఒకటే రేవు పేరు అంటించింది: పిరేయస్.
ఒక రాత్రి షిఫ్టు దిగి, టీ కొట్టు ముందర,
వేళ్ళకంటిన బంక గోక్కుంటా,
"డ్రమ్ము పోయిన తావుకు మనం పోకూడదా మే?" అంది.
నవ్వినవాళ్ళం ఎనిమిది మంది.
నవ్విన పాపానికి ఎనిమిది మందీ చీటీ వేశాం.

నలభై నెలలు. ఒక్క నెలా ఎవరూ పాట పాడలేదు.
పాడకుండా కూర్చోవడం ఎంత కష్టమో
చీటీ కట్టినవాళ్ళకే తెలుస్తుంది.
ఎల్లప్ప లారీ ఇంజను పట్టేసిన నెల
అతని గొంతులో పాట కదలడం అందరం చూశాం.
తమలపాకు మడిచి దాని మీద వేసి
మింగేశాడు.

తోతాపురిలాగే పడవ బాడుగకూ సీజనుందంట.
జూలైలో ముట్టుకోలేని ధర
సెప్టెంబరు ఆఖరికి దిగొస్తుందంట.
నాలుగు గదులు, ఎనిమిది పడకలు,
సరంగు జీతం వేరే, అతని తిండి మనదే.
మరి సరంగు పడుకునేదెక్కడ అని
మూడో పేజీలో కనిపెట్టింది పట్టాభి,
బ్యాంకులో లోన్లు రాసి రాసి
చిన్నక్షరాలే పెద్దగా కనిపించే మనిషి.
పడవకు గీత పడితే పట్టుకునే డిపాజిట్
ఎల్లప్ప పాత లారీ కన్నా ఎక్కువ.
నీళ్ళు ఏడొందల లీటర్లే, పొదుపుగా వాడండి అని
ఎర్రక్షరాల్లో రాసుంటే
కుప్పమ్మ ఆ కాగితాన్ని చూసి జాలిపడింది:
"వారానికొక ట్యాంకరుతో ఎండాకాలం ఈదినోళ్ళం,
మాకా చెప్పేది?"

ఇంకో గడి. ఈత వచ్చినవారు ఎందరు?
ఒకరు అని రాశాం.
జిలానీ. అదీ నిమ్మతోట బావిలో నేర్చిన ఈత,
గుండ్రంగా మాత్రమే వస్తుంది.

కేటమరాన్ అని మొదట చదివింది దేవసహాయం.
మళ్ళీ పలికాడు, మెల్లగా, వాళ్ళ వేలూరు అవ్వ గొంతుతో:
కట్టుమరం.
మాటకున్న కోటూ బూటూ ఊడిపోయాయి.
కట్టు అంటే ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు.
మొగిలి ఘాటులో గాలికి పట్టా లేచిపోకుండా
ఎన్ని వేల ముడులు వేయించానో, ఎన్ని తాళ్ళు తెగాయో.
ఇన్నాళ్ళూ గాలి మీద కోపంతోనే అన్నం తిన్నా.
గాలిని పిలిచి గుడ్డలో నింపుకుంటారని,
దాంతోనే ముందుకు పోతారని
యాభై రెండేళ్ళకు తెలిసింది.

ఆగస్టులో, ఫ్యాక్టరీ మూసిన రాత్రి,
ఎవరి గదిలో వాళ్ళం చాపలు పరిచాం.
గురక పెట్టే రుక్మాంగదను ఎడమ పక్క చివరికి తోశాం.
కింద ఎండిపోయిన నీవా మీదుగా
ఎక్కడిదో కాస్త గాలి వచ్చింది.
నడిరాత్రి ఎల్లప్ప ఒంటికి లేచాడు.
గీత దాటితే పక్కనే మెట్లు.
అతను చీకట్లో తడుముకుంటా చుట్టూ తిరిగి
వెనక నిచ్చెన గీసిన చోటే దిగాడు.
ఎవరూ నవ్వలేదు.

తెల్లారుజామున వాన.
చాపలు నెత్తిన పెట్టుకుని, తడుస్తా,
నిచ్చెన దగ్గర వరస కట్టాం.

పొద్దున పట్టాభి వంగి నాలుగు మూలలూ వెతికాడు.
"ఒక్క గీత లేదు. డిపాజిట్ మొత్తం వాపసు."
ట్యాంకు మీద చాప ఆరేయడానికి పోతా ఉంటే
నా కాలు ఒకచోట దానంతటదే ఆగింది.
చెప్పులు విడిచాను.
చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని
దిగాను.